పళ్ళ వాషరు

మా సందులో సూరయ్య చెయ్యి తగలని చెంప నాదొక్కటే. అది నామీద గౌరవం అనుకునేరు. నాది బేటరీల కొట్టు. యాసిడ్ సీసా ఎప్పుడూ నా చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఆ సంగతి అతనికి తెలుసు, అంతే.

నా పేరు నారాయణమూర్తి. సాలూరులో లారీలకు బాడీలు కట్టే సందులో ముప్ఫై ఏళ్ళుగా బేటరీలు చార్జింగు పెట్టుకుని బతుకుతున్నాను. నా గోడకి ఆనుకునే సూరయ్య కొట్టు. లారీలకు వైరింగు చేస్తాడు, రేడియోలూ టేపులూ బాగుచేస్తాడు. ఎదురుగా, రోడ్డుకి అవతల, పెయింటర్ ఎర్రన్న షెడ్డు. ఎర్రన్న ఎవరో కాదు, సూరయ్య చెల్లెలు యమున మొగుడు. మేం ముగ్గురం కాక ఈ కథలో ఇంకొకడున్నాడు. వాడి సంగతి వాడు వచ్చినప్పుడు చెబుతాను.

సూరయ్యకి యాభై రెండేళ్ళు. పొట్టి మనిషి, మెడ కనపడదు, ముంజేతులు మాత్రం రోకళ్ళలా ఉంటాయి. వైరు పట్టుకున్నప్పుడు ఎంత నెమ్మదైన చెయ్యో, మనిషి చొక్కా పట్టుకున్నప్పుడు అంత మోటు చెయ్యి. తిట్టే నోరూ కొట్టే చెయ్యీ ఊరికే ఉండవంటారు, అతనికి ఆ రెండూ ఉన్నాయి. ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి తెచ్చిన డ్రైవర్ని బండిలోంచి కిందికి లాగి కొట్టాడు. పని సగంలో ఉండగా అయిందా అయిందా అని మూడుసార్లు అడిగిన ఓనర్ని పట్టుకుని, వాడి లారీ టైరుకే వాడి తల బాదాడు. నెల తిరక్కుండా వాడే ఇంకో లారీ తోలుకుని అతని దగ్గరికే వచ్చాడు.

ఎందుకొచ్చాడంటే, ఘాట్ రోడ్డు మీద అర్ధంతరంగా దీపాలు ఆరిపోయిన లారీ ఎక్కడికి పోతుందో మా ఊరి ఓనర్లందరికీ తెలుసు. సూరయ్య వైరింగు చేసిన బండి దీపం ఆరదు. ఇంకో సంగతి కూడా ఉంది. కేబిన్ కాలిపోతే అది డ్రైవర్ తప్పా, మెకానిక్ తప్పా అని తగువు వస్తుంది. అప్పుడు ఇద్దరూ సూరయ్యని పిలుస్తారు. అతను మీటరు పెట్టి, వైరు వైరూ తడిమి, ఇది ఫలానావాడి తప్పు అని చెబితే అక్కడితో తగువు ఆఖరు. సొంత మేనమామ కొడుకు కొత్త లారీ కాలిపోయినప్పుడు, తప్పు నీదేరా అని వాడి మొహం మీద చెప్పిన మనిషి. సూరయ్య చెప్పాడంటే మీటరు చెప్పినట్టేనని మా సందులో ఒక మాట పడిపోయింది.

ఎర్రన్న దీనికి పూర్తిగా వేరు. సన్నగా, పొడుగ్గా, గాలికి ఊగేలా ఉంటాడు. లారీ తలుపు మీద అతను మా ఊరి దేవత శ్యామలాంబ తల్లిని వేస్తే, ఆ కళ్ళు చూసి డ్రైవర్లు తాగి ఎక్కడానికి జంకేవారు. అతనికి రంగు నేర్పిన గురువు ఒక పట్టింపు కూడా నేర్పాడు. బండి మీద బోసి ఇనుము కనపడకూడదు, కనపడితే ఆ బండికి అరిష్టం. అందుకని మా సందు పెయింటర్లు కనపడే ఇనుమే కాదు, కనపడని ఇనుమూ వదలరు. నట్టు విప్పి కింద కూడా కుంచె తిప్పి మళ్ళీ బిగిస్తారు.

వైరింగు వాడికి అదే గోరుచుట్టు మీద రోకటిపోటు. బండిలో కరెంటు వెళ్ళడానికే వైరు, తిరిగి రావడానికి బండి ఇనుమే దారి. దాన్నే ఎర్తు అంటారు. ఇనుముకి ఇనుము తగిలితేనే ఆ ఎర్తు దొరుకుతుంది. మధ్యలో రంగుంటే దొరకదు. కాబట్టి పెయింటర్ కప్పిన చోటల్లా ఎలక్ట్రీషియన్ ఆకురాయితో గీకాలి. వీడు కప్పడం, వాడు గీకడం, ఇద్దరూ ఒకరి అమ్మనొకరు తిట్టుకోవడం, ఇది మా సందులో రోజూ ఉండే సంబరమే. బావా బావమరుదులు కావడంతో వీళ్ళిద్దరి మధ్య ఇంకాస్త ముదిరింది.

పదకొండేళ్ళ కిందట, దసరాకి రెండు రోజుల ముందు అది ముదిరి పాకాన పడింది. ఒక కొత్త లారీకి ఎర్రన్న నాలుగు రోజులు కూర్చుని తల్లిని వేశాడు. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. కేబిన్ దీపానికి ఎర్తు కోసం సూరయ్య వచ్చి, సరిగ్గా తల్లి పాదం కింద రూపాయి బిళ్ళంత మేర గీకేశాడు. ఎర్రన్న చూశాడు. వచ్చి, ఎర్రరంగు అంటిన చేత్తో సూరయ్య చెంప పగలగొట్టాడు. అయిదు వేళ్ళూ ఎర్రగా అచ్చుపడ్డాయి. సూరయ్య వంగి చక్రాలు విప్పే స్పానర్ అందుకున్నాడు.

నేను మధ్యలోకి పరిగెత్తాను. కందకు లేని దురద కత్తికెందుకని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. కొట్లాట ఆపేవాళ్ళని మీరు గమనించారో లేదో, వాళ్ళెప్పుడూ స్పానర్ ఉన్నవాణ్ణి పట్టుకోరు. ఉత్త చేతులవాణ్ణే పట్టుకుంటారు. నేనూ అంతే చేశాను. ఎర్రన్నని వెనకనుంచి వాటేసుకుని రెండు చేతులూ కదలకుండా బిగించాను. స్పానర్ అతని ఎడమ చెవి మీద పడింది. చెయ్యి ఖాళీగా ఉంటే అడ్డం పెట్టుకునేవాడు. పెట్టుకోనివ్వంది నేను. ఆ నెత్తురు నా చొక్కా జేబులోకి కారింది.

విశాఖపట్నం తీసుకెళ్తే ప్రాణం దక్కింది, ఎడమ చెవి దక్కలేదు. ఎర్రన్న కేసు పెట్టలేదు. బండి మీంచి పడ్డానని డాక్టర్లకు చెప్పాడు. యమున మాత్రం ఊరుకోలేదు. నాలుగో రోజున రోకలిబండతో అన్న కొట్టుకి వచ్చింది. అరల్లో ఉన్న రేడియోలన్నీ ఒకటొకటిగా కిందికి లాగి చితక్కొట్టింది. సూరయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడే తప్ప వారించలేదు. ఆఖరిది కూడా పగిలాక ఆమె అన్న మొహం చూసి, "నాకు అన్న నేడు. సచ్చిపోనాడు," అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. రోడ్డుకి ఇటువాళ్ళు అటువాళ్ళతో మాట్లాడిందీ లేదు.

సూరయ్య ఆ తర్వాత మారాడా అంటే, చెంపదెబ్బలు మానలేదు. కానీ మనిషి మీద ఇనుము ఎత్తలేదు. ఇంకొకటి కూడా మారింది. దాన్ని మొదట నేనే కనిపెట్టాను. రంగు గీకడం మానేశాడు. దానికి బదులు పళ్ళ వాషర్లు తెప్పించుకున్నాడు. చుట్టూ చిన్న చిన్న కోరల్లాంటి పళ్ళుండే వాషరు అది. నట్టు కింద వేసి బిగిస్తే ఆ పళ్ళు రంగుని కొరుక్కుని లోపలి ఇనుము పట్టుకుంటాయి. పైకి ఏమీ కనపడదు, రంగు రంగులాగే ఉంటుంది. వాటిని ఒక పాత జరదా డబ్బాలో పెట్టుకునేవాడు. పని మొదలుపెట్టే ముందు ఎన్ని కావాలో అన్ని లెక్కపెట్టి డబ్బా మూతలో వేసుకుంటాడు. పనయ్యేసరికి మూత ఖాళీ అవాలి. ఇలా పదకొండేళ్ళు ఎర్రన్న రంగు మీద ఒక్క గీత కూడా పడనివ్వలేదు. ఎవరితోనూ దాని గురించి అనలేదు. నేనూ అడగలేదు, ఆ కథలో నా చేతులెక్కడున్నాయో నాకు తెలుసు కాబట్టి.

ఇక నాలుగోవాడు. పేరు పృథ్వీరాజ్. రైసుమిల్లూ లారీలూ ఉన్న షావుకారి కొడుకు. మాకు దూరపు చుట్టం కూడా, చెప్పుకోవడానికి నాకే సిగ్గు. ముప్ఫై ఏళ్ళవాడు, తిన్నది అరగక మనుషుల్ని కొడతాడు. సూరయ్యా కొడతాడు కదా అంటారేమో. సూరయ్యకి కోపం వచ్చి కొడతాడు, వీడు కొట్టి సంతోషపడతాడు. తేడా దెబ్బ తిన్నవాడికి బాగా తెలుస్తుంది.

వీడు నిరుడు ఎక్కడో ఒక పెద్ద ఫారిన్ మోటారుసైకిలు కొనుక్కొచ్చాడు. దూరాలు తిరగడానికి చేసిన బండి. గేదెంత ఉంటుంది. పక్కలకి రెండు పెట్టెలు, వెనక ఒకటి, నాలుగు స్పీకర్లు, హ్యాండిల్ దగ్గర రేడియో, వెనక పెట్టె పక్కన బారెడు ఏరియల్. ఆదివారాలు విశాఖనుంచి ఇలాంటి బళ్ళవాళ్ళు పదిమంది వస్తే, వాళ్ళని వెంటేసుకుని వీడు ఘాట్ ఎక్కి కోరాపుట్ దాకా పోతాడు. అందరి బళ్ళకీ ముందు రేడియో మోగించుకుంటూ పోవడం వీడికో దర్జా.

మొన్న చవితి ముందు ఆ బండి మా సందుకి వచ్చింది. ముందు సూరయ్య దగ్గర పెద్ద హారనూ, మంచులో వేసుకునే దీపాలూ, ఫోను చార్జరూ పెట్టించాడు. వైరు వెనక పెట్టెలోంచి లాగాలి కాబట్టి సూరయ్య ఏరియల్ ఊడదీశాడు. పృథ్వీరాజ్ నడిరోడ్డు మీద కారులో కూర్చుని, అయిందా అన్నట్టు హారను కొడుతూనే ఉన్నాడు. నేను నా కళ్ళతో చూశాను. సూరయ్య వెళ్ళి ఆ కారు అద్దం మీద చేత్తో ఒక్కటి ఇచ్చి, తిట్టి, తిరిగొచ్చి, గబగబా బిగించేసి బండి ఇచ్చేశాడు. మర్నాడు ఎర్రన్న షెడ్డుకి వెళ్ళింది. టేంకు మీద శ్యామలాంబ తల్లి, పెట్టెల మీద నెమళ్ళు, తక్కిన ఇనుమంతా నల్లరంగు.

అదే వారం సూరయ్య డబ్బా మూతలో ఒక వాషరు మిగిలి కనిపించింది. రెండు రోజులు దాన్ని వేలి చివర తిప్పుకుంటూ తిరిగాడు. "ఇదేటి మూర్తీ, ఏ బండిదో మరిసిపోనాను. ఎంతకీ గురుతు రాదు," అని నాతో అన్నాడు. నాకూ తట్టలేదు. ఏ లారీదో అయి ఉంటుందిలే అన్నాను.

ఆ తర్వాతి ఆదివారం పృథ్వీరాజ్ ఘాట్ దారి పట్టాడు. రేడియో పెడితే నాలుగు స్పీకర్లూ పాములై బుసకొట్టాయి. విశాఖ స్టేషను లేదు, ఏ స్టేషనూ లేదు. వెనకవాళ్ళు నవ్వారు. పెట్రోలు బంకులో ఆగితే, టైర్లకి గాలి కొట్టే మనిషి ఒకడు, ముసలివాడే, రేడియో గీపెడుతోంది బాబూ అన్నాడట. పృథ్వీరాజ్ వాడి ముక్కు చితికేదాకా కొట్టి, గాలిపైపు మెడకి చుట్టి ఈడ్చాడు. తక్కిన బళ్ళవాళ్ళు వచ్చిన దారినే తిరిగిపోయారు.

మంగళవారం పొద్దున్న పదకొండింటికి బండి సూరయ్య కొట్టు ముందు ఆగింది. వెనకాలే జీపులో ఇద్దరు మనుషులు. పృథ్వీరాజ్ నా కొట్టు ముందున్న కుర్చీ నన్నడక్కుండానే లాక్కుని కూర్చున్నాడు. విశాఖ మెకానిక్‌కి ఫోన్ చేశానని, ఏరియల్‌కి ఎర్తు పోయి ఉంటుంది, ఈమధ్య రంగేమైనా వేయించారా అని అతను అడిగాడని చెప్పాడు. చెప్పి, రోడ్డుకి అవతల నిచ్చెన మీద నిలబడి లారీకి రంగు వేస్తున్న ఎర్రన్న కేసి చూశాడు.

"రంగేసింది ఆ సెవిటోడు. నువ్వు మీటరెట్టి అవునను సాలు. ఆ కుంచె పట్టే సెయ్యి తెచ్చి నీ బల్ల మీదున్న వైసులోనే బిగించి ఇరిచీస్తాను. నీకూ ఆడికీ పడదు కదా, నీకు పండగే."

సూరయ్య మీటరు తీసుకుని లేచాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు ఇంజను ఆపి రేడియో పెట్టాడు, బుస. ఇంజను వేసి పెట్టాడు, బుసతో పాటు సన్నటి ఈల. ఏక్సిలేటర్ తిప్పితే ఈల పెరుగుతోంది. ఫోను చార్జరు పీకేశాడు. ఈల పోయింది, బుస పోలేదు. ఇంజను తప్పు కాదన్నాడు. తర్వాత రేడియో వెనక ఏరియల్ వైరు ఊడదీసి, కొట్టులో ఉన్న లారీ ఏరియల్ తెచ్చి గుచ్చాడు. దాని మొదలు బండి అడుగున రాళ్ళు తగిలి రంగు రాలిన బోల్టుకి ఆనించి పట్టుకున్నాడు. వెంటనే విశాఖ స్టేషను, పక్కనే కూర్చుని మాట్లాడుతున్నట్టు. రేడియో తప్పు కాదన్నాడు. వైరుకి ఈ కొసా ఆ కొసా మీటరు పెట్టాడు, కూతపెట్టింది. వైరు మంచిదే.

పృథ్వీరాజ్ మనుషుల్లో ఒకడు అప్పటికే లేచి రోడ్డు అంచుకి వెళ్ళి నిలబడ్డాడు. వాడి చేతిలో జాకీ రాడ్డు ఉంది. రోడ్డు మీద ఎవరూ వాడి మొహం చూడకుండా పోతున్నారు.

చివరికి సూరయ్య మీటరు తీగ ఒకటి ఏరియల్ మొదట్లో, రెండోది అడుగున ఆ రంగు రాలిన బోల్టు మీద పెట్టాడు. మీటరు పలకలేదు. ఇంకోసారి పెట్టాడు. పలకలేదు. స్పానర్ వేసి ఏరియల్ నట్టు విప్పి పైకెత్తాడు. కింద నున్నగా, అద్దంలా, ఎర్రన్న నల్లరంగు. ఆ రంగు పృథ్వీరాజ్‌కీ కనపడింది, నాకూ కనపడింది. పృథ్వీరాజ్ నవ్వాడు.

సూరయ్య మాత్రం రంగు కేసి చూడలేదు. నట్టు కింద చూశాడు. అరచేతిలో నట్టుని తిరగేసి చూశాడు. తర్వాత బల్ల మీదున్న జరదా డబ్బా కేసి చూశాడు. అప్పుడు నాకూ తట్టింది. మూతలో మిగిలిపోయిన వాషరు ఈ బండిదే. హారను మోతలో, కోపంలో, వేయడం మరిచిపోయాడు. అది ఉంటే ఎర్రన్న ఎన్ని పూతలు వేసినా దాని పళ్ళు ఇనుము పట్టుకునేవి. వాషరు లేకపోయినా ఆ రోజుకి ఇనుముకి ఇనుము తగిలింది కాబట్టి రేడియో పలికింది. ఎర్రన్న రంగు పడ్డాక మూగబోయింది.

ఈ సంగతి తెలిసింది మా ఇద్దరికే. నిజం చెబుతాను, నా మనసులో మెదిలింది మంచి మాట కాదు. నోరు మూసుకో సూరయ్యా, రంగుందన్నది అబద్ధం కాదు కదా, మీటరు చెప్పిందే చెప్పు, అనుకున్నాను. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. రోడ్డుకి అవతల ఎర్రన్న నిచ్చెన మీద కుంచె ముంచుకుంటున్నాడు. చెవుడున్న పక్క ఇటు ఉంది కాబట్టి ఇక్కడి మాటొక్కటీ అతనికి చేరలేదు.

సూరయ్య లేచి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"రంగు తప్పు కాదు. రంగోడు రంగెయ్యాల, అది ఆడి పని. కింద పళ్ళ వాషరుండాల. నాను మరిసిపోనాను. తప్పు నాది," అన్నాడు. డబ్బా మూతలోంచి వాషరు తీసి పృథ్వీరాజ్ కళ్ళ ముందు పెట్టాడు.

పృథ్వీరాజ్ నమ్మలేదు. చెల్లెలి మొగుణ్ణి కాస్తున్నావని అన్నాడు. మీటరు చెప్పిన మాట మారుస్తావా అన్నాడు. సూరయ్య మళ్ళీ అదే మాట చెప్పాడు. అప్పుడు పృథ్వీరాజ్ యమున పేరెత్తి ఒక మాట అన్నాడు. ఆ మాట నేనిక్కడ రాయను. అది నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే సూరయ్య చెయ్యి వాడి దవడ మీద పడింది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. నోట్లోంచి నెత్తురుతో పాటు ఒక పన్ను ఊడి వచ్చింది.

తర్వాత అంతా చాలా తొందరగా జరిగింది. వాడి మనుషులిద్దరూ సూరయ్య మీద పడ్డారు. ఒకడు మెడ వంచాడు, ఒకడు కుడిచెయ్యి పట్టి బల్ల మీదకి లాగి వైసు ఇనప దవడల్లో పెట్టి బిగించాడు. సూరయ్య ఎడంచేత్తో ఒకడి కన్ను పొడిచాడు, కాలితో తన్నాడు, అందిన ముంజెయ్యి కొరికాడు. వాళ్ళు వదల్లేదు. పృథ్వీరాజ్ లేచి జాకీ రాడ్డు అందుకుని, నెత్తురు ఉమ్మి, బిగించిన వేళ్ళ మీద బలంకొద్దీ కొట్టాడు. ఎండు కొమ్మ విరిగినట్టు వినపడింది. సూరయ్య అరిచిన అరుపు ఎర్రన్న కుడి చెవికి కూడా చేరింది.

యాసిడ్ సీసా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా దాన్ని చూసుకునే ధైర్యంగా బతికాను. తీరా ఆ రోజు దాని మీదకి నా చెయ్యి పోలేదు. నా కళ్ళ ముందు వాటేసుకోవడానికి వీలుగా ఉన్నవాళ్ళు ముగ్గురున్నారు. అరుస్తున్న సూరయ్య ఉన్నాడు, మెడ వంచినవాడున్నాడు, రాడ్డు రెండోసారి ఎత్తినవాడున్నాడు. పదకొండేళ్ళు రోజూ పడుకునే ముందు నన్ను నేను తిట్టుకున్నది వృథా పోలేదు. ఈసారి ఇనుము ఉన్న చేతినే పట్టుకున్నాను. రాడ్డు నా భుజం మీద పడి ఎముక చిట్లింది. అయినా వదల్లేదు, ఆ చేతికి వేలాడాను. వాడు మోచేత్తో నా మొహం పచ్చడి చేశాడు.

ఎర్రన్న రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో రంగు కలిపే తిన్నర్ డబ్బా ఉంది. అడగలేదు, బెదిరించలేదు, ఆ తిన్నర్ పృథ్వీరాజ్ కళ్ళలోకి తిన్నగా కొట్టాడు. వాడు మొహం పట్టుకుని గావుకేకలు పెడుతూ తిరిగాడు. ఎర్రన్న ఖాళీ డబ్బాతో మెడ వంచినవాడి నెత్తి మీద ఒకటి, రెండు, మూడు, లెక్కలేకుండా మోదాడు. అంత సన్నటి మనిషిలో అంత బలం ఎక్కడుందో నాకు తెలియదు. ఆ తర్వాత అటూ ఇటూ లారీల్లోంచి డ్రైవర్లు టైర్ లివర్లు పట్టుకుని దిగారు. వాళ్ళు పృథ్వీరాజ్‌ని ఏం చేశారో చెప్పను. జీపులో అతణ్ణి పడుకోబెట్టి తీసుకుపోవలసి వచ్చింది. మోటారుసైకిలు మాత్రం కొట్టు ముందే ఉండిపోయింది.

పోలీసులు రావడానికి గంట పట్టింది. ఆస్పత్రి వ్యాను రావడానికీ అంతే పట్టింది. అటు తర్వాత కేసులూ వాయిదాలూ ఉన్నాయి, అవి కోర్టువాళ్ళు రాసుకుంటున్నారు. నేను ఆ గంటలో జరిగింది చెబుతాను.

ఎర్రన్నే వైసు విప్పాడు. సూరయ్య రెండు వేళ్ళు ఉండాల్సిన తీరులో లేవు. గోళ్ళు లేవు. రంగు తుడిచే గుడ్డ చించి ఎర్రన్న ఆ చేతికి చుట్టాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరో ఆటో తెస్తామన్నారు. సూరయ్య కదలనన్నాడు. పని సగంలో ఉంది, తప్పు నాది, పూర్తి చేసే కదులుతాను అన్నాడు. బుద్ధుందా లేదా అని నేను పళ్ళూడిన నోటితో తిట్టాను. వినలేదు. ఎడంచేత్తో ఆకురాయి తీశాడు, అది చేతిలో నిలవక కింద పడింది. మళ్ళీ తీశాడు, మళ్ళీ పడింది.

మూడోసారి దాన్ని ఎర్రన్న తీశాడు. బండి వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏరియల్ పైకెత్తి, కింద ఉన్న తన నల్లరంగుని తానే గీకడం మొదలుపెట్టాడు. బోసి ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. అతను ఇనుము మీద రంగు తియ్యడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. గీకడం అయ్యాక, వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు. సూరయ్య పళ్ళ వాషరు ఆ అరచేతిలో పెట్టాడు.

"పదకొండేళ్ళుగా సూస్తన్నాను," అన్నాడు ఎర్రన్న నట్టు తిప్పుతూ. "నా రంగు మీద నీ గీత ఒక్కటీ నేదు."

నేను వెళ్ళి ఎడంచేత్తో రేడియో తిప్పాను. ఎవరో వరికి ఎప్పుడు ఎరువు వెయ్యాలో రైతులకి చెబుతున్నారు. ఎక్కడా బుస లేదు. సందులో నిలబడ్డ డ్రైవర్లంతా ఆ ఎరువుల సంగతి నోరు తెరుచుకుని విన్నారు.

సూరయ్య ఎర్రన్న పక్కకి వచ్చి నిలబడ్డాడు. గుడ్డలోంచి నెత్తురు బొట్లు బొట్లుగా కారుతోంది. తల వంచుకుని, నేల కేసి చూస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు. దసరా అన్న మాట, తల్లి పాదం అన్న మాట, సెవి అన్న మాట నాకు వినపడ్డాయి. ఏడుస్తున్నాడని నాకు తర్వాత అర్థమయింది. ఎర్రన్న నట్టు బిగిస్తూనే ఉన్నాడు, తల తిప్పలేదు. సూరయ్య నిలబడింది అతని ఎడంపక్కన. ఆ పక్కనుంచి అతనికి ఏమీ వినపడదు. ఆ మాట నోరు తెరిచి చెప్పబోయాను, నోట్లో నెత్తురు అడ్డం వచ్చింది.

బండి అద్దంలో కదులుతున్న పెదాలు ఎర్రన్న చూసి ఉంటాడు. స్పానర్ కింద పెట్టాడు.

"ఈ పక్కకొచ్చి సెప్పు, బావా," అన్నాడు.

సూరయ్య ఆ పెద్ద బండి చుట్టూ నెమ్మదిగా తిరిగి అతని కుడిపక్కకి వెళ్ళాడు. అతని వెనకాలే, చిట్లిన నా భుజం పట్టుకుని, నేనూ వెళ్ళాను.